ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు: ఢిల్లీ నుండి జకార్తా దాక

ఉద్యోగధర్మమును బట్టి ఢిల్లీ నగరమున స్థిరపడిన తెలుగువారిలో ఇండియా గేటు పరిసరములను ఎరుగనివారు ఉండరు. దానికి తూర్పుదిక్కున, పురానా ఖిల్లాకు పోవు త్రోవలో ఒక క్రీడాప్రాంగణము కలదు. 1933లో నిర్మింపబడిన నాడు దానికి ఇర్విన్ యాంఫీ థియేటర్ అని పేరు. 1951లో అది నేషనల్ స్టేడియం అయ్యెను. 2002లో హాకీ మాంత్రికుడగు ధ్యాన్‌చంద్ పేరు దానికి చేరెను. నేడది హాకీకి నెలవు. కాని స్వతంత్ర భారతదేశము ఆసియా క్రీడల ఫుట్‌బాల్ పోటీలో తన మొదటి స్వర్ణపతకమును గెలుచుకొన్నది ఈ ప్రాంగణముననే. ప్రతిదినము దాని ప్రక్కగా కార్యాలయములకు పోవు మనలో ఈ సంగతి ఎరిగినవారు కొలదిమందియే యుందురు.

ఆ విజయము 1951 మార్చి నెలలోనిది. పదునొకండేండ్ల తరువాత, 1962లో, జకార్తా నగరమున మనవారు రెండవ స్వర్ణపతకమును సాధించిరి. 1970లో బ్యాంకాకు నగరమున కాంస్యపతకము లభించెను. ఆసియా క్రీడలలో భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు సంపాదించిన పతకములు ఈ మూడే. అటుపిమ్మట అర్ధశతాబ్దికి మించిన కాలము గడచినను నాలుగవ పతకము రాలేదు. ఇరువది ఏండ్లలో మూడు పతకములు గెలిచిన దేశమునకు తరువాతి ఏబది ఏండ్లలో ఒక్కటియు రాకపోవుటకు కారణమేమి?

సచివాలయమున పనిచేయువారికి ఒక సంగతి అనుభవపూర్వకముగ తెలియును. వెలువడిన ఉత్తరువు ఒక పుట యుండును. దానికి హేతువులైన నోటు పుటలు ఫైలులో ఇరువదియో ముప్పదియో యుండును. ఉత్తరువును మాత్రము దాచి నోటు పుటలను పారవేసినచో, తరువాత వచ్చిన అధికారికి ఇట్లేల జరిగెనను ప్రశ్నకు సమాధానము దొరకదు. మన ఫుట్‌బాల్ చరిత్ర విషయమున జరిగినది ఇదియే. రెండుసార్లు స్వర్ణము గెలిచితిమను మాట పలువురికి జ్ఞాపకమున్నది. దాని వెనుకనున్న పని మాత్రము మరుగున పడినది. ఆ పనిని స్మరించుటయే ఈ వ్యాసోద్దేశము. అందు హైదరాబాదు నగరమునకు పెద్ద భాగము కలదు గనుక మన సంఘము వారి సంచికలో ఈ ప్రసంగము అప్రస్తుతము కానేరదు.

ఆసియా క్రీడల సంస్థకు పుట్టినిల్లు ఢిల్లీ నగరమే. 1948 లండను ఒలింపిక్ క్రీడల సందర్భమున గురుదత్ సోంధీ అను భారత క్రీడాప్రముఖుడు ఆసియా దేశముల ప్రతినిధులను కలిసికొని, ఈ ఖండమునకు ప్రత్యేకముగ క్రీడోత్సవము ఒకటి ఉండవలెనని ప్రతిపాదించెను. 1949 ఫిబ్రవరిలో ఢిల్లీయందు ఆసియా క్రీడల సమాఖ్య ఏర్పడెను. మొదటి క్రీడలు 1951 మార్చి 4వ తేదీ నుండి 11వ తేదీ వరకు జరిగినవి. పదునొకండు దేశములు పాల్గొనగా, ఫుట్‌బాల్ పోటీకి భారతము, ఇరాను, జపాను, ఆఫ్ఘనిస్థానము, ఇండోనీషియా, బర్మా అను ఆరు జట్లు నిలిచెను.

మన జట్టునకు నాయకుడు మోహన్ బగాన్ ఆటగాడగు శైలేన్ మన్నా. శిక్షకుడు హైదరాబాదు వాస్తవ్యుడగు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు పోలీసు జట్టు నుండి నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ మొదలగువారు అందు చేరిరి. మనవారు ఇండోనీషియాను 3-0తోను, సెమీఫైనలులో ఆఫ్ఘనిస్థానమును 3-0తోను ఓడించిరి. మార్చి 10వ తేదీన జరిగిన ఫైనలులో ఇరాను జట్టు గట్టిగా ఎదిరించెను. సాహు మేవాలాల్ చేసిన ఒకే ఒక గోలుతో భారతము 1-0గా నెగ్గెను. మూడు ఆటలలోను మన గోలులోనికి ప్రత్యర్థులు ఒక్క పర్యాయమైనను బంతిని పంపజాలకపోయిరి.

ఆ కాలపు మన ఆటగాండ్రను గూర్చి చెప్పునపుడు, వారు పాదరక్షలు లేకయే ఆడిరను సంగతిని అందరును ఆశ్చర్యముతో స్మరింతురు. అది అసత్యము కాదు. 1948 లండను ఒలింపిక్ క్రీడలలో ఫ్రాన్సు జట్టును ఎదిరించిన మన యువకులలో అధికసంఖ్యాకులు ఉత్తపాదములతో ఆడినవారే. రెండు పెనాల్టీలు వ్యర్థము కాకుండినచో ఆనాడు 2-1గా ఫ్రాన్సునకు దక్కిన విజయము మనకే దక్కియుండెడిది. ఈ కథ వినుటకు ఇంపుగా నుండును. కాని ఉత్తపాదముల కథ విజయమునకు కారణమును చెప్పదు. కారణమును వెదకవలెనన్న ఢిల్లీ స్టేడియమును విడిచి, హైదరాబాదులోని ఒక బడిపంతులు జీవితమును పరిశీలింపవలెను.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదునందు జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివెను. వృత్తిచే ఉపాధ్యాయుడు. కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్లనున్న పాఠశాలలలో బాలురకు పాఠములు చెప్పెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, మరణపర్యంతము ఆ పదవిని నిర్వహించెను. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణభారమును స్వీకరించెను. అందరును ఆయనను గౌరవముతో 'రహీం సాబ్' అని పిలుచుచుండిరి.

ఆ పోలీసు జట్టు కీర్తి నేటి తరమువారికి అంతగా తెలియదు. బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును అది 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సంవత్సరములు గెలుచుకొనెను. స్వాతంత్ర్యానంతరము మొదటిసారిగా 1950లో ఢిల్లీయందు జరిగిన డ్యూరాండ్ కప్పు ఫైనలులో మోహన్ బగాన్ వంటి మేటి జట్టును ఓడించెను. మరల 1954, 1957, 1961 సంవత్సరములలో ఆ కప్పు హైదరాబాదు పోలీసువారిదే అయ్యెను. రాష్ట్రముల మధ్య జరుగు సంతోష్ ట్రోఫీని 1956-57లోను, 1957-58లోను హైదరాబాదు జట్టు కైవసము చేసికొనెను. కలకత్తాకు ఉన్న క్లబ్బుల సంపద గాని, పెద్ద ప్రేక్షక సమూహములు గాని ఆ నగరమునకు లేవు. అయినను దేశమున అగ్రస్థానము దానికి దక్కెను.

రహీం పద్ధతి యేమి? ఆయన ఉపాధ్యాయుడు గనుక పాఠక్రమము ప్రకారము నేర్పెను. ఆ రోజులలో మన దేశమున ఫుట్‌బాల్ అనగా బంతిని కాలివద్ద నుంచుకొని ఇద్దరు ముగ్గురను తప్పించుకొని పోవు నేర్పు. ప్రేక్షకులు దానికే చప్పట్లు కొట్టుచుండిరి. బంతి ఒకనివద్ద నిలిచినంతసేపు ప్రత్యర్థులకు సర్దుకొనుటకు వ్యవధి దొరకునని రహీం గ్రహించెను. ఆయన హైదరాబాదున ఒక వింత పోటీని నడిపెను. అందు బంతిని కాలితో నడిపించుకొని పోవుట నిషిద్ధము. అందిన బంతిని వెంటనే మరియొకనికి పంపవలసినదే. మరియొక పోటీలో ఆటగాడు తన బలహీనమైన కాలిని మాత్రమే ఉపయోగింపవలెను. కుడికాలి వాటమువాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటమువాడు కుడికాలితో ఆడవలెను. ఎడమచేతితో వ్రాత నేర్చుకొనుమని బాలునకు చెప్పినట్లు మొదట అది హాస్యాస్పదముగ తోచును. కాని కొంతకాలమునకు రెండు కాళ్ళును సమానముగ పనిచేయును. అట్టి ఆటగాని ఏ ప్రక్కనుండి ఎదిరించినను లాభముండదు.

రహీం తాను కూడ విద్యార్థిగనే యుండెను. 1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా మన జట్టును 10-1తో చిత్తుచేసెను. ఆ చలిదేశమున మనవారిలో పలువురు ఉత్తపాదములతోనే ఆడిరి. ఆ పరాజయము తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య పాదరక్షలను తప్పనిసరి చేసెను. ఆ ఒలింపిక్సులో స్వర్ణము గెలిచిన హంగేరీ జట్టు, 1953లో లండనులోని వెంబ్లీ మైదానమున ఇంగ్లండును 6-3తో ఓడించి లోకమును విస్మయపరచెను. సెంటర్ ఫార్వర్డు గోలు ముందు వేచియుండక వెనుకకు దిగి, తనను కాపలా కాయువానిని కూడ బయటికి లాగి, ఆ ఖాళీలోనికి తోటివారిని పంపుట వారి వ్యూహము. రహీం దానిని శ్రద్ధతో పరిశీలించి మన ఆటగాండ్రకు అలవరచెను.

ఈ బోధనకు మొదటి పెద్ద పరీక్ష 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలు. భారతము ఆస్ట్రేలియాను వారి గడ్డపైననే 4-2తో ఓడించెను. బొంబాయి ఆటగాడగు నెవిల్ డిసౌజా 3 గోల్సు చేసి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ ఘనత సాధించిన మొదటి ఆసియా వాసి అయ్యెను. సెమీఫైనలులో యుగోస్లావియా చేతిలో 4-1తోను, కాంస్యపతకపు పోటీలో బల్గేరియా చేతిలో 3-0తోను ఓడి మన జట్టు నాలుగవ స్థానమున నిలిచెను. నాలుగేండ్ల క్రితము 10 గోల్సు ఇచ్చిన జట్టు ఇదియేనా అని పలువురు ఆశ్చర్యపడిరి. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, జుల్ఫికర్, బలరాం మొదలగు హైదరాబాదువారు అందు పాలుపంచుకొనిరి.

ఆసియా క్రీడలలో మాత్రము ఆ మధ్యకాలమున ఫలితములు నిలుకడగా లేవు. 1954 మనీలాలో జపానును 3-2తో గెలిచియు, ఇండోనీషియా చేతిలో 4-0తో ఓడి మన జట్టు మొదటి దశలోనే వైదొలగెను. 1958 టోక్యోలో హాంగ్‌కాంగును 5-2తో ఓడించి సెమీఫైనలు చేరినను, దక్షిణ కొరియా చేతిలో 3-1తో ఓడిపోయెను. కాంస్యపతకపు పోటీలో ఇండోనీషియా 4-1తో నెగ్గెను. కావున 1962కు పూర్వము మనము ఆసియాలో తిరుగులేని శక్తియై యుంటిమని చెప్పుట అతిశయోక్తి యగును. ఒక ఎత్తు, ఒక పల్లము, మధ్య ఎడతెగని సాధన, ఇదియే నిజమైన చరిత్ర. 1960 రోము ఒలింపిక్సులో ఫ్రాన్సుతో 1-1గా సమానముగ నిలిచి, హంగేరీ చేతిలో 2-1తో మాత్రమే ఓడిన జట్టు ఆ సాధనఫలమే. ఆ జట్టే రెండేండ్లకు జకార్తాకు బయలుదేరెను.

1962 ఆగస్టులో జకార్తా పరిస్థితి భారతీయులకు అనుకూలముగ లేదు. ఇండోనీషియా ప్రభుత్వము ఇజ్రాయెలు, తైవాను దేశముల ఆటగాండ్రకు ప్రవేశపత్రములు ఈయలేదు. సభ్యదేశములను బహిష్కరించి జరుపు పోటీలను ఆసియా క్రీడలని పిలువరాదని సోంధీ మహాశయుడు వాదించెను. ధర్మము ఆయన పక్షముననే యుండెను. కాని ఆ మాట ఆతిథ్య దేశపు ప్రజలకు అవమానముగ తోచెను. సెప్టెంబరు 3వ తేదీన నిరసనకారులు జకార్తాలోని భారత రాయబార కార్యాలయముపై దాడిచేసిరి. మరునాడు ఫుట్‌బాల్ ఫైనలు. మన యువకులకు రాజకీయముతో సంబంధము లేకపోయినను, ఆ కోపమునకు ఎదురుగ నిలువవలసినవారు వారే అయిరి.

పోటీ ఆరంభము కూడ శుభముగ లేదు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో మనలను ఓడించెను. తరువాత మనవారు థాయిలాండును 4-1తోను, జపానును 2-0తోను గెలిచి సెమీఫైనలు చేరిరి. థాయిలాండుతో జరిగిన ఆటలో రక్షణశ్రేణికి మూలస్తంభమైన జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. గోల్‌కీపరు పీటర్ తంగరాజు జ్వరపీడితుడు కాగా ప్రద్యుత్ బర్మన్ ఆ స్థానమున నిలిచెను. ఇట్టి స్థితిలో మరియొక శిక్షకుడు గాయపడినవానిని ప్రక్కన కూర్చుండబెట్టి యుండెడివాడు. రహీం అట్లు చేయలేదు. రక్షణభారమును అరుణ్ ఘోషుకు అప్పగించి, జర్నైల్ సింగును ముందు వరుసలోనికి పంపెను. దక్షిణ వియత్నాముతో జరిగిన సెమీఫైనలులో నాయకుడు చునీ గోస్వామి 2 గోల్సు, జర్నైల్ సింగు ఒకటి చేయగా భారతము 3-2తో గెలిచెను.

ఫైనలులో మరల ఎదురైనది దక్షిణ కొరియాయే. సోవియట్ సహాయముతో నిర్మించిన సెనయాన్ స్టేడియమున సుమారు లక్షమంది ప్రేక్షకులు కూడిరి. మన జాతీయగీతము వినిపించునపుడు కూడ గేలి ఆగలేదు. మన ఆటగాడు బంతిని తాకిన ప్రతిసారియు ఈలలు మిన్నుముట్టెను. ఆ జనసముద్రమున మనవారికై చప్పట్లు కొట్టినది పాకిస్థాను హాకీ జట్టు అని ప్రదీప్ కుమార్ బెనర్జీ మొదలగువారు తరువాతి కాలమున పలుమార్లు చెప్పియున్నారు. తంగరాజు కోలుకొని గోలులో నిలిచెను. 17వ నిమిషమున బెనర్జీ మొదటి గోలు చేసెను. మూడు నిమిషములకే జర్నైల్ సింగు రెండవది చేసెను. కొరియావారు ఆట ముగియవచ్చినపుడు ఒక గోలు చేసిరి గాని, అప్పటికి సమయము మించిపోయెను. 1962 సెప్టెంబరు 4వ తేదీన భారతము 2-1తో రెండవసారి స్వర్ణపతకమును పొందెను.

ఆనాడు ఆడిన పదునొకండుగురు వీరు: తంగరాజు, చంద్రశేఖర్, త్రిలోక్ సింగు, జర్నైల్ సింగు, అరుణ్ ఘోషు, ప్రశాంత సిన్హా, ఫ్రాంకో, బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం, యూసుఫ్ ఖాన్. కేరళము, పంజాబు, వంగదేశము, గోవా ప్రాంతముల వారితో పాటు తంగరాజు, బలరాం, యూసుఫ్ ఖాన్ అను మువ్వురు హైదరాబాదు, సికిందరాబాదు మట్టిలో పెరిగినవారు. ఒక్క జట్టున ఇన్ని ప్రాంతములు కలిసియుండుట ఈనాడు సామాన్యముగ కనిపించును. స్వాతంత్ర్యము వచ్చి పదునైదేండ్లు మాత్రమే నిండిన ఆ కాలమున అది గొప్ప విషయమే.

నిష్పక్షపాతముగ చెప్పవలెనన్న, 1954లోను 1958లోను స్వర్ణము గెలిచిన తైవాను ఆ పోటీలో లేదు. ఇజ్రాయెలు లేదు. ఇరాను రాలేదు. మొత్తము 8 జట్లే పాల్గొనినవి. అయినను మనము ఓడించిన దక్షిణ కొరియా 1956లోను 1960లోను ఆసియా కప్పు గెలిచిన జట్టు. మొదటి ఆటలో తమను ఓడించినవారిని తొమ్మిది దినములకే అదే నగరమున ఓడించుట అదృష్టము వలన మాత్రమే జరుగునది కాదు. రక్షకుడు ముందు వరుసలో ఆడి రెండు ముఖ్యమైన ఆటలలోను గోలు చేయగలిగెను. అతని స్థానమును మరియొకడు లోపము లేకుండ నిర్వహింపగలిగెను. ఇది ఒక్క రాత్రిలో పుట్టిన ఉపాయము కాదు. జకార్తా విజయమును వర్ణించువారు ధైర్యమును మాత్రమే పొగడుదురు. ధైర్యము ఉండినది. దానికి ఆధారమైన నేర్పు పదిపన్నెండేండ్ల పాఠముల ఫలము.

ఆ పాఠములు చెప్పిన గురువు జకార్తా నాటికే అస్వస్థుడు. తిరిగివచ్చిన తొమ్మిది మాసములకు, 1963 జూన్ 11వ తేదీన, క్యాన్సరు వ్యాధిచే ఆయన మరణించెను. వయస్సు 53 సంవత్సరములు. అదే సంవత్సరమున బలరాం కూడ అనారోగ్యకారణముచే ఇరువదియేడేండ్ల ప్రాయముననే ఆటకు స్వస్తి చెప్పవలసి వచ్చెను.

మన కార్యాలయములలో ఒక అధికారి బదిలీయైనను, విరమించినను, మరణించినను ఆ స్థానపు చార్జిని మరియొకరు స్వీకరింపవలెను. ఫైళ్ళు, తాళములు, జరుగుచున్న పనుల పట్టిక లెక్కప్రకారము అప్పగింపవలెను. రహీం విషయమున అట్టి ఏర్పాటు లేకపోయెను. ఆయన పద్ధతి ఆయనతో పనిచేసినవారి జ్ఞాపకములందు మిగిలెను గాని, ఒక శిక్షణాలయముగ, ఒక పాఠ్యగ్రంథముగ, ఒక శిష్యపరంపరగ నిలువలేదు. పతనము వెంటనే కనబడలేదు. 1964 ఆసియా కప్పులో మన జట్టు ద్వితీయస్థానము పొందెను. కాని 1966 బ్యాంకాకు ఆసియా క్రీడలలో ఇరాను చేతిలో 4-1తోను, జపాను చేతిలో 2-1తోను ఓడి మొదటి దశలోనే వెనుదిరిగెను.

ఇక్కడ జపాను మాట ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. 1962లో మనము 2-0తో గెలిచినది ఈ జపానునే. వారు 1960లోనే డెట్మార్ క్రామర్ అను జర్మను శిక్షకుని రప్పించుకొనియుండిరి. ఆయన సలహాలను కాగితములపై విడువక, 1965లో దేశమంతటికి ఒక లీగు పోటీని ఆరంభించిరి. శిక్షకులకు శిక్షణనిచ్చు ఏర్పాట్లు చేసిరి. 1968 మెక్సికో ఒలింపిక్సులో జపాను కాంస్యపతకము గెలిచెను. 1969లో క్రామర్ జపానునందు ఆసియా శిక్షకులకు పాఠములు చెప్పునపుడు, ఆ తరగతిలో కూర్చున్నవారిలో ఒకడు మన ప్రదీప్ కుమార్ బెనర్జీ. ఏడేండ్ల క్రితము ఏ దేశమును ఓడించితిమో ఆ దేశమునకే పోయి మనవాడు విద్య నేర్చుకొనవలసి వచ్చెను. ఇందు సిగ్గుపడవలసినది లేదు. రహీం కూడ హంగేరీవారి నుండి నేర్చుకొన్నవాడే. మనము గమనింపవలసినది వేరొకటి. జపానువారు పరదేశి గురువు విద్యను తమ దేశమున పాదుకొల్పిరి. మనము మన ఇంటి గురువు విద్యను చెదరిపోనిచ్చితిమి.

బెనర్జీ నేర్చుకొన్న విద్య వెంటనే ఫలించెను. 1970 బ్యాంకాకు క్రీడలలో జి. ఎం. బాషాతో కలిసి ఆయన జట్టును తీర్చిదిద్దెను. నాయకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ నయీముద్దీన్. జట్టులో మరియొక హైదరాబాదు వాడు మహమ్మద్ హబీబ్. సెమీఫైనలులో బర్మా చేతిలో 2-0తో ఓడినను, కాంస్యపతకపు పోటీలో జపానును 1-0తో ఓడించిరి. మన ఆసియా క్రీడల ఫుట్‌బాల్ పతకములలో అది కడపటిది.

తరువాతి చరిత్రను క్లుప్తముగ చెప్పుట మేలు. 1974 టెహరానులో ఆడిన మూడు ఆటలును ఓడితిమి. అందు చైనా 7-1తో గెలిచెను. 1982లో క్రీడలు మరల ఢిల్లీకి వచ్చినపుడు, బెనర్జీ శిక్షణలో మన జట్టు క్వార్టర్ ఫైనలు చేరి, ఆట ముగియుటకు కొలది క్షణముల ముందు సౌదీ అరేబియా చేసిన గోలుతో ఓడెను. 1986లో మరల అన్ని ఆటలును ఓడితిమి. 2002 నుండి ఈ పోటీ ప్రధానముగ 23 ఏండ్లలోపు వారిదైనది. 2018లో క్రీడలు జకార్తాకు తిరిగి వచ్చెను. బెనర్జీయు, జర్నైల్ సింగును గోల్సు చేసిన ఆ నగరమునకు మన ఫుట్‌బాల్ జట్టును అసలు పంపనేలేదు. 2023లో చైనాలోని హాంగ్‌జౌ నగరమున జరిగిన క్రీడలలో బంగ్లాదేశమును గెలిచి రెండవ దశకు చేరి, సౌదీ అరేబియా చేతిలో 2-0తో ఓడితిమి.

ఇతర దేశములు ముందుకు పోయిన సంగతియు వాస్తవమే. పశ్చిమాసియా దేశములు కొత్తగా రంగమున ప్రవేశించి బలపడినవి. 1983లో కొరియాలో వృత్తిక్రీడాకారుల లీగు ఏర్పడెను. మన దేశమున జాతీయ లీగు 1996లో గాని రాలేదు. అంతర్జాతీయముగ ఆట 90 నిమిషములు సాగుచుండగా, చాలకాలము మన దేశములోని పోటీలు 70 నిమిషములతోనే ముగియుచుండెను. 70 నిమిషములకు అలవడిన దేహము చివరి 20 నిమిషములలో అలసిపోవుట సహజము. ఇవన్నియు శాసనములతో, నిధులతో, కాలక్రమమున సరిచేయదగిన లోపములే. వాటిని వేళకు గుర్తించి పట్టుబట్టి సరిచేయించు గురువు లేకపోవుటయే పెద్ద లోపము.

తెలుగువారమగు మనకు ఈ కథతో గల సంబంధమును గూర్చి ఒక మాట చెప్పి ముగింతును. రహీం, నూర్ మహమ్మద్, యూసుఫ్ ఖాన్ వంటివారు ఉర్దూ వాతావరణమున పెరిగినవారు. బలరాం సికిందరాబాదు సమీపమునగల అమ్ముగూడలో తమిళ కుటుంబమున జన్మించెను. తంగరాజు విషయమును అట్టిదే. కావున వీరి కీర్తిని తెలుగు కీర్తియని ఊరక చాటుకొనుట న్యాయము కాదు. కాని ఒక నగరము తన వీధులలో పెరిగిన బిడ్డలను ఏ భాషవారని అడిగి ఆదరింపదు. నేడు తెలంగాణకు రాజధానియై, 2014 వరకు సమైక్య ఆంధ్రప్రదేశమునకు రాజధానియైన ఆ నగరమును మనము మనదని చెప్పుకొందుము. దాని చార్‌మినారును, ఉస్మానియా విశ్వవిద్యాలయమును మనవియని చెప్పుకొందుము. ఆ విశ్వవిద్యాలయమున చదివి, ఆ నగరపు బడులలో పాఠములు చెప్పి, దేశమునకు రెండు స్వర్ణపతకములు తెచ్చిన ఉపాధ్యాయుని మాత్రము మరచుట మనకు తగునా?

2024లో రహీం జీవితముపై 'మైదాన్' అను హిందీ చలనచిత్రము విడుదలయ్యెను. మరణించిన అరువదియేండ్లకు ఆయన పేరు దేశమున పలువురి చెవిని పడెను. సంతోషమే. బలరాం మాత్రము అంతకు ముందటి సంవత్సరమున, 2023 ఫిబ్రవరి 16వ తేదీన, కలకత్తాయందు కన్నుమూసెను. 1962 నాటి ఆటగాండ్రలో చాలమంది అంతకు పూర్వమే గతించిరి. వారి నోట వినవలసిన సంగతులు పోగా మిగిలినవి కొలదియే. ఈ రాజధానిలో పెరుగుచున్న మన పిల్లలు సెలవుదినములందు ఇండియా గేటు దగ్గర ఆడుకొనునపుడు, ఎదుటనున్న స్టేడియమును చూపి, ఇచ్చట 1951 మార్చి 10వ తేదీన ఏమి జరిగెనో పెద్దలు చెప్పవలెను. గెలుపును చెప్పునపుడు దానిని నేర్పినవాని పేరు కూడ చెప్పవలెను. ఆయన విడిచిపోయిన చార్జిని స్వీకరించువాడు ఆ పిల్లలలోనే ఒకడు ఉండవచ్చును.